వెళ్ళండి, నేనుంటా

స్టూడియో, మూడో అంతస్తు, కిటికీ లేని మూల
ఫిబ్రవరి 3

మామయ్యకి,

లోపల ఫోన్ పట్టుకోకూడదని మీ ఆసుపత్రి రూలు. బయటికొచ్చాక మాట్లాడే ఓపిక ఉండదని నీ రూలు. కాబట్టి ఉత్తరమే గతి. అక్షరాలు కోడి గీకినట్టున్నాయని వెక్కిరించావో, ఊరుకోను.

నాకు కొత్త పని ఇచ్చారు. మేం చేస్తున్న వీడియో గేములో ఆఖరి శత్రువుకి డైలాగులు రాయాలి. పేరు హేడిస్. గ్రీకు పురాణాల్లో పాతాళానికి రాజు. ఆడేవాడు చచ్చినప్పుడల్లా కిందికి జారి ఈయన ముందు నిలబడతాడు, మళ్ళీ లేచి పైకి పోతాడు. అంటే ఆట మొత్తంలో ఎక్కువసార్లు కనిపించే మొహం ఈయనదే.

మా డైరెక్టర్ ఏమన్నాడో తెలుసా? "కొమ్ములు పెట్టు, మంటలు పెట్టు, అస్తమానం పగలబడి నవ్వించు. మనవాళ్ళకి ఇంకా బాగా అర్థం కావాలంటే దున్నపోతు ఎక్కిద్దాం" అన్నాడు. నేనాడిన గేముల్లో సగం ఇదే వరస. సరే అసలు సంగతేంటని పుస్తకాలు తిరగేశాను. ఎక్కడా కొమ్ముల్లేవు మామయ్యా! ఆయన ఎవర్నీ చంపడు. చంపే దేవుడు వేరే ఉన్నాడు. ఈయన వచ్చినవాళ్ళని చూసుకుంటాడు, అంతే. ముగ్గురన్నదమ్ములు చీటీలు వేసుకుంటే ఒకడికి ఆకాశం, ఒకడికి సముద్రం, ఈయనకి పాతాళం వచ్చాయట. అప్పట్నుంచి జనం ఆయన పేరెత్తడానికే జంకేవారు. ఆయనకి మొక్కాల్సివస్తే మొహం పక్కకి తిప్పుకునేవారు.

చదువుతుంటే నువ్వే గుర్తొచ్చావు. మా ఇంట్లో నీ మాటొస్తే అమ్మ అచ్చం అలాగే మొహం తిప్పుకుంటుంది. పుట్టినరోజులకి కూడా పిలవరు. పేరుతో అనరు, "వాడు" అంటారు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా మార్చురీ చూసుకుంటున్నావు కదా. పొద్దున్నే తాళం తీయగానే ముందు ఏం చేస్తావు? లోపల ఏం మాట్లాడతావు? అన్నీ రాయి. నీకు రాస్తున్నట్టు అమ్మకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. అయినా మీరిద్దరూ మాట్లాడుకుంటే కదా!

నీ మేనకోడలు


మార్చురీ, ముందు గది, రిజిస్టర్ బల్ల
ఫిబ్రవరి 9

ఒసేయ్ గయ్యాళీ,

ఇక్కడ అందరం క్షేమం. నేను తప్ప ఎవరూ కదలరు, దగ్గరు, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పరు. నీ అక్షరాలు కోడి గీకినట్టు లేవు. కోడి ఇంకొంచెం శ్రద్ధగా గీకుతుంది.

తాళం తీయగానే లోపలికి పోను. తలుపు మీద రెండుసార్లు తడతాను. ఒకళ్ళ గదిలోకి చెప్పాపెట్టకుండా జొరబడితే మర్యాదేనా? తర్వాత లైటు వేసి, మిషన్ల మీద చలి ఎంతుందో చూసి రాసుకుంటాను. మొత్తం పన్నెండు అరలు. ఎవరి కోసమైనా మనుషులొస్తే, అర లాగేముందు పేరు పెట్టి పిలిచి "మీ అబ్బాయి వచ్చాడండీ" అని చెప్తాను. పేరు తెలియనివాళ్ళుంటే రిజిస్టర్లో "గుర్తు తెలియని వ్యక్తి" అని రాయాలి. రాస్తాను, రూలు. నోటితో మాత్రం వరస పెట్టే పిలుస్తాను. తల నెరిసుంటే పెద్దమ్మ, పెదనాన్న. నా ఈడు వాళ్ళయితే వదినా, బావా. చిన్నపిల్లల సంగతి రాయను, అడక్కు.

కొత్త డాక్టర్లు వచ్చి "అది ఎప్పుడొచ్చింది?" అంటారు. "అది రాలేదండీ, ఆవిడ వచ్చారు, పదింటికి" అంటాను. ఇద్దరు ముగ్గురికి కోపమొచ్చింది. రానీ! నా గదిలో "అది" చెల్లదు.

ఇంకో చిక్కు మన మాటతోనే. ఎక్కణ్ణుంచి బయల్దేరినా "వెళ్తా" అనకూడదు, "వెళ్ళొస్తా" అనాలని చిన్నప్పుడే నేర్పిస్తారు కదా. ఇక్కడికొచ్చినవాళ్ళు సంతకం పెట్టి, కళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ "వెళ్ళొస్తామండీ" అంటారు. అన్న మరుక్షణం నాలిక కరుచుకుంటారు. ఇక్కడికి మళ్ళీ రావాలని ఎవరికుంటుంది? చేరిన ఏడాది నేనూ ఓసారి నోరుజారి "మంచిది, వెళ్ళిరండి" అనేశాను. ఆ పెద్దావిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పట్నుంచీ నాది ఒకటే మాట. "వెళ్ళండి. నేనుంటా." తమవాళ్ళని ఒంటరిగా వదిలేసి పోవట్లేదని తెలిస్తేనే వాళ్ళకి కాళ్ళు కదులుతాయి.

చీటీల సంగతికి నవ్వొచ్చింది. మా నాన్న ఈ గదిలోనే పనిచేసి పోయాడు. ఆ ఉద్యోగం ముగ్గురన్నదమ్ముల్లో ఒకరు తీసుకుంటేనే అమ్మకి క్వార్టర్సు మిగులుతుంది. ఎవరికీ వద్దు. మేమూ చీటీలే వేశాం. మీ గ్రీకాయనా నేనూ ఒకే రకం చెయ్యి పెట్టినట్టున్నాం.

ఉంటా మరి.
మామయ్య


స్టూడియో
ఫిబ్రవరి 20

మామయ్యా, మామయ్యా!

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, ఒక్క ఊపులో నలభై పేజీలు రాసి పారేశాను. నా హేడిస్‌కి కొమ్ముల్లేవు. తలుపు తట్టి లోపలికొస్తాడు. చచ్చినవాళ్ళని వరసపెట్టి పిలుస్తాడు. ఆడేవాడు పైకి పోతూ "వెళ్ళొస్తా" అంటే, "వెళ్ళు. నేనుంటా" అంటాడు. ఇక్కడెందుకున్నావని అడిగితే నిట్టూర్చి "చీటీ అలా పడింది" అంటాడు. డైరెక్టర్ చదివి "భలే ఉందే!" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం ఇదే మొదలు.

ఓ చిన్న దొంగతనం కూడా చేశాను. ఏంటో ఇప్పుడు చెప్పను, ఆట వచ్చాక నువ్వే చూద్దువు గాని.

ఒక్కటే గుచ్చుకుంటోంది. హేడిస్ పెర్సెఫొనీ అనే పిల్లని పొలంలోంచి ఎత్తుకుపోయాడు. వాళ్ళమ్మ దేశాలన్నీ తిరుగుతూ ఏడ్చింది. ఆ ముక్క రాయనా, వదిలేయనా?


మార్చురీ
ఫిబ్రవరి 27

గయ్యాళీ,

రాయి. ఎత్తుకుపోవడం తప్పే. చచ్చినవాళ్ళతో మర్యాదగా ఉన్నాడు కదాని బతికున్నపిల్ల విషయంలో చేసింది కప్పెడతామా? మంచివాడని చెప్పడానికి అబద్ధం ఆడాల్సొస్తే, వాడు మంచివాడు కానట్టే లెక్క. ఆయన్ని దేవుణ్ణి చెయ్యకు, దయ్యాన్నీ చెయ్యకు. ఉన్నదున్నట్టు రాయి.

దొంగతనం ఏంటో చెప్పకపోతే చెవి మెలేస్తా.

ఉంటా.
మామయ్య


స్టూడియో
ఏప్రిల్ 14

మామయ్యకి,

పని ఎక్కువగా ఉండి రాయలేదు. బాగానే ఉన్నా. నువ్వు ట్రైలర్లూ అవీ చూడవు కదా? ఊరికే అడిగాను. ఆరోగ్యం జాగ్రత్త. కాలినొప్పికి మందు రాస్తున్నావా?

నీ మేనకోడలు


మార్చురీ
ఏప్రిల్ 22

డైలాగులు రాసే మేడంగారికి,

తమరక్కడ క్షేమమే అనుకుంటాను. ఇక్కడ మాత్రం కాదు.

క్యాంటీన్ ఆవిడ తన ఫోన్లో మీ ట్రైలర్ పెట్టి "అన్నా, ఇది నువ్వేనా?" అంది. చూశాను. నీ హేడిస్ నాలాగే ఎడమకాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. నడుముకి ఎర్రదారంతో కట్టిన తాళాల గుత్తి. తలుపు మీద రెండుసార్లు తట్టాడు. అబద్ధమెందుకు, ఒక్క క్షణం సంతోషమే వేసింది. ఆ తర్వాత ఆ తలుపుని కాలితో తన్నాడు. అరలు లాగి మనుషుల్ని నేల మీద కుమ్మరించాడు. "పెదనాన్నా, లే! ఏంటి, అది లేవదా?" అని పగలబడి నవ్వాడు. చివర్లో నెత్తిన కొమ్ములతో నావైపు తిరిగి "వెళ్ళు, వెళ్ళు... నేనుంటా" అన్నాడు. నేను ఓదార్పుగా చెప్పే మాట వాడి నోట్లో బెదిరింపయింది.

నిన్న ఓ అమ్మాయి వాళ్ళ నాన్న కోసం వచ్చింది. నా కాలు చూసింది, తాళాలు చూసింది, రెండడుగులు వెనక్కేసింది. "ఈయన వద్దు, ఇంకెవరినైనా పిలవండి" అంది. మీ వీడియో చూసిందట. తప్పు ఆ పిల్లది కాదు. తాళం వార్డు మనిషికిచ్చి నేను బయట నిలబడ్డాను. వాళ్ళ నాన్నని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. "ఇదేనా?" అని అడిగారు. నాకు వినపడింది.

ఇరవై ఎనిమిదేళ్ళలో నేనిక్కడ సంపాదించుకున్నది ఒక్కటే, నా చేతికి తమవాళ్ళని అప్పగించడానికి జనం భయపడకపోవడం. దాన్ని తీసుకెళ్ళి కొమ్ములకి తగిలించావు. ఇంట్లోవాళ్ళు మొహం తిప్పుకుంటే పోనీలే అనుకున్నా. ఇది నువ్వు చేశావు.

ఇక నాకు రాయకు.

మార్చురీ అటెండెంటు


స్టూడియో
ఏప్రిల్ 25

మామయ్యకి,

రాయొద్దన్నావు. రాస్తున్నా. చింపి పారేసినా సరే, ముందు చదివి చింపు.

దొంగతనం అదే. నీ నడక, నీ తాళాలు, నీ మాటలు నేనే పెట్టాను, నీ మీద ప్రేమతో పెట్టాను. నిన్ను అడగలేదు. అడగాలి, అడగలేదు. వాళ్ళు దాన్ని ఏం చేశారో మార్చిలోనే చూశాను. నీకు చెప్పడానికి నోరు రాలేదు. నీ కంట పడదులే అని పిరికిదానిలా కూర్చున్నాను. ఆ అమ్మాయి సంగతి నిన్న చదివాను.

పొద్దున్నే డైరెక్టర్ గదిలోకి వెళ్ళాను. "నా రాత ఎందుకు మార్చారు?" అన్నాను.

"మార్చలేదే. నీ మాటలే వాడాం. మంచిమాట మంచివాడి నోట్లో ఉంటే ఎవడు చూస్తాడమ్మా? రాక్షసుడి నోట్లో ఉంటే ఒళ్ళు జలదరిస్తుంది" అన్నాడు.

"అవి మా మామయ్య మాటలు."

"మీ మామయ్య రాక్షసుడా?" అని నవ్వాడు. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు.

నేను నవ్వలేదు. ఇక్కడొక కాయితం ఉంది మామయ్యా. ఆట విడుదలయ్యే ముందు రాసినవాళ్ళంతా సంతకం పెట్టాలి. "ఈ పాత్ర బతికున్న ఏ వ్యక్తినీ పోలినది కాదు" అని ఉంటుంది. అందరూ చదవకుండా గీకేస్తారు. నేను "కాదు" అన్న మాట కొట్టేసి, కింద "ఇది మా మామయ్య. ఆయన్ని అడగలేదు" అని రాసి సంతకం పెట్టి కాయితాలు చూసే ఆవిడకి ఇచ్చేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. ఇప్పుడు నువ్వు అనుమతి ఇస్తే తప్ప ఆట బయటికి రాదట. నీ పోలికలన్నీ పీకాలంటే ఆర్నెల్లు పడుతుందట. స్టూడియో అంతా నన్ను చూసి గుసగుసలు. గుసగుసలాడుకోనీ!

రాజీనామా రాసి బల్ల మీద పెట్టుకున్నా. రేపు వాళ్ళ మొహాన కొట్టి వచ్చేస్తా. అనుమతి కాయితం వాళ్ళు నీకు పంపుతారు. నా మొహం చూసి సంతకం పెట్టకు.

క్షమించమని ఇప్పుడే అడగను. ముందు బాగుచేస్తా, తర్వాత అడుగుతా.

నీ మేనకోడలు


మార్చురీ, రిజిస్టర్ బల్ల
ఏప్రిల్ 30

గయ్యాళీ,

కోపం తగ్గలేదు. అయినా ఆ కాయితం మీద నువ్వు రాసింది చదివి క్యాంటీన్ ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఇద్దరం చెరో కప్పు టీ ఎక్కువ తాగాం.

రాజీనామా చింపెయ్. విసిరికొట్టి వచ్చెయ్యడం ఎవరైనా చేస్తారు. నువ్వొచ్చేస్తే నా మాటలు ఆ కొమ్ములవాడి నోట్లో ఒంటరిగా పడుంటాయి. నీ కుర్చీలో నువ్వు కూర్చో. పొమ్మనే మాట వాళ్ళే అననీ. మన పని ఉండటం.

ఇంకోటి చెప్తా విను. నీ హేడిస్ నిట్టూర్చి "చీటీ అలా పడింది" అంటాడని రాశావే, అది నాకు అప్పుడే నచ్చలేదు. నా చీటీ అలా పడలేదు. ఆ రోజు మూడు చీటీలు మడిచింది మీ అమ్మ. రెండు ఖాళీ చీటీలకి రెండేసి మడతలు, ఉద్యోగం రాసినదానికి నాలుగు. దేనికి నాలుగు మడతలో నాకు కనపడుతూనే ఉంది. అన్నయ్యలిద్దరూ తీసేసరికి ఆ ఒక్కటే మిగలాలని అలా మడిచిందేమో. వాళ్ళకి ముందే సైగ చేసిందేమో. నేనడగలేదు. వాళ్ళకంటే ముందే చెయ్యి పెట్టి నాలుగు మడతలదే తీశాను. చిన్నప్పుడు నాన్నకి క్యారేజీ పట్టుకొచ్చి ఈ గదిలోనే కూర్చునేవాణ్ణి. ఆయన అందర్నీ వరస పెట్టి పిలవడం విన్నాను. ఈ పని నాకు కావాలనిపించింది. చూసే తీశానే! దీన్ని త్యాగం అన్నావంటే తంతాను.

మీ అమ్మ నా పనికి మొహం తిప్పుకుంటుందని మీరంతా అనుకుంటున్నారు. కాదు. తను ఎక్కువ వేసిన ఆ రెండు మడతలకి తిప్పుకుంటుంది. ఇది ఆవిడకి మాత్రం చెప్పకు, ఏడుస్తుంది.

అనుమతి కాయితం వచ్చింది. మర్యాదగా సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్ గీత కూడా గీశారు. గీత కింద నా షరతులు రాసి పంపుతున్నా. నా తలుపుని తన్నకూడదు. నా గదిలో ఎవర్నీ "అది" అనకూడదు. కొమ్ములు పీకాలి. నవ్వించాలంటే జోకు చెప్పి నవ్వించమను, నాకు చాలా వచ్చు. ఆ ట్రైలర్ తీసెయ్యాలి. "నేనుంటా" అన్న మాట ఎలా అనాలో నేనే వచ్చి చెప్తా. ఒక్కటి తగ్గినా సంతకం చెల్లదు.

వాళ్ళు ఆర్నెల్లు ఆగినా నాకేం తొందర లేదు. ఇక్కడ ఎవరికీ లేదు.

ఉంటా.
మామయ్య


ఇల్లు, వంటగది బల్ల
జూన్ 12

మామయ్యా,

గెలిచాం! కొమ్ములు తీసేశారు. తన్నే దృశ్యం తీసేశారు. ట్రైలర్ తీసేశారు. చివరగా నన్ను కూడా తీసేశారు. ఆట బయటికొచ్చిన మర్నాడే పెట్టె సర్దుకోమన్నారు. ఆఖరున వచ్చే పేర్లలో నా పేరు లేదు. పోతే పోయింది! నిన్నటికి నిన్న వేరే చిన్న స్టూడియోవాళ్ళు "ఆ కాయితం మీద రాసింది నువ్వేనా?" అని అడిగి మరీ కబురుపెట్టారు.

రికార్డింగ్ గదిలో నువ్వు హేడిస్‌కి గొంతిచ్చినవాణ్ణి పద్నాలుగుసార్లు "మళ్ళీ చెప్పు బాబూ" అన్నావు చూడు, వాడికి ఇప్పటికీ తలుచుకుంటే చెమటలు పడుతున్నాయట. "బెదిరించకు, బతిమాలకు. కుర్చీ లాక్కుని కూర్చునేవాడిలా చెప్పు" అన్నావు. అప్పుడు కుదిరింది.

ఇంకో సంగతి. అమ్మకి చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు. హేడిస్ చెప్పాడు. హాల్లో ఆట పెట్టుకుని ఆడుతున్నా. అమ్మ బట్టలు మడతపెడుతూ పక్కనే కూర్చుంది. నా మనిషి చచ్చి కిందికెళ్ళి "ఇక్కడెందుకున్నావు, చీటీ అలా పడిందా?" అని అడిగాడు. ఆయన అన్నాడు కదా, రికార్డింగ్‌లో నువ్వు సరేనన్న మాటే, "ఒక్క చీటీకే నాలుగు మడతలున్నాయి. చూసే తీశాను. మడిచినవాళ్ళ మీద నాకు కోపం లేదు."

అమ్మ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "ఆ మాట ఎవరు రాశారు?" అంది. "నేనే" అన్నాను. "ఎవరు చెప్పారు?" అంది. తెర మీదున్న హేడిస్‌ని చూపించాను. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ చచ్చాను. అలా ఆరుసార్లు చంపించింది నన్ను. తర్వాత లేచి మొహం కడుక్కుని, మీ ఆసుపత్రికి ఏ బస్సెక్కాలని అడిగింది.

ఇప్పుడు అడుగుతున్నా. క్షమించు.

నీ మేనకోడలు


మార్చురీ, ముందు గది
జూన్ 25

గయ్యాళీ,

చెవి మెలేయాల్సిన పని ఇంకా అలాగే ఉంది. అది తప్ప మిగతావన్నీ క్షమించాను.

మీ అమ్మ మంగళవారం పదకొండింటికి వచ్చింది. నేను రిజిస్టర్ రాసుకుంటున్నా. తలుపు మీద రెండుసార్లు తట్టిన చప్పుడైంది. ఈ గది తలుపు నేను తప్ప బయటినుంచి ఎవరూ తట్టరు, తోసుకొచ్చేస్తారు. తలెత్తితే అక్క! "ఎవరికేమైంది?" అని లేచి నిలబడ్డాను. "ఎవరికీ ఏం కాలేదు, కూర్చో. నీకోసమే వచ్చా" అంది.

నాన్న కుర్చీ చూపించాను. అందులో కూర్చుంది. తర్వాత బల్ల మీదున్న ఖాళీ చీటీ ఒకటి తీసి మడిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నా ముందు పెట్టింది. "పెద్దాడికి సైగ చేశానురా. వాడు శవాన్ని చూస్తే తట్టుకోలేడు. నువ్వు చిన్నాడివి, నోరెత్తవనుకున్నా" అంది. "ఇరవై ఎనిమిదేళ్ళు ఎత్తలేదు కదా" అన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. పక్కగదిలో వాళ్ళకి చెప్పాను, మా అక్క వచ్చిందని.

ఇంతలో ఓ కుర్రజంట వాళ్ళ నానమ్మ కోసం వచ్చారు. ఆ పిల్ల నా కాలు చూసి ఆగింది. నాకు పాత సంగతే గుర్తొచ్చి గుత్తి పక్కన పెట్టబోయాను. "మీరు పిలిచాక అర తీస్తారు కదండీ? మా నానమ్మని కూడా అలాగే పిలుస్తారా?" అంది. మీ ఆట ఆడిందట. పేరు పెట్టి పిలిచాను. మీ అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. మొహం తిప్పుకోలేదు.

బయల్దేరేటప్పుడు చెప్పులేసుకుంటూ అలవాటు కొద్దీ "వెళ్ళొస్తానురా" అనేసింది. నేను ఆవిడ నాలిక కరుచుకుంటుందని చూస్తున్నా. కరుచుకోలేదు. మెట్లు దిగబోయేదల్లా వెనక్కి తిరిగి, నా మొహం చూస్తూ, గట్టిగా, వరండా అంతా వినపడేలా మళ్ళీ అంది.

"వెళ్ళొస్తా. మంగళవారం మంగళవారం వస్తా. నా కాళ్ళతో నేనే నడుచుకుంటూ వస్తా. ఎవడేమనుకుంటాడో అనుకోనీ."

"వెళ్ళక్కా," అన్నాను. "నేనుంటా."